ఎక్కిళ్ల బండి

కారు మలుపు తిరిగి చాలాసేపయింది. ఇండికేటరు మాత్రం ఇంకా టిక్కు టిక్కుమంటూనే ఉంది.

లైబ్రేరియన్ ఒడిలో నోటుపుస్తకం పెట్టుకుని ఆ చప్పుడు వింటున్నాడు. పక్కన స్టీరింగు పట్టుకున్న బామ్మర్ది ముఖంలో ఏ కదలికా లేదు. రెండు కూడళ్లు దాటారు. వీళ్లు ఎడమకు తిరుగుతారని వెనకాల బళ్లు ఆగి ఆగి, విసుగెత్తి హారన్ కొట్టి ముందుకు పోతున్నాయి.

"ఈ ఊళ్లో జనానికి తొందరెక్కువ" అన్నాడు బామ్మర్ది.

"నీ ఎడమ దీపం ఇంకా కొట్టుకుంటోంది."

"అదా" అంటూ బామ్మర్ది మీట నొక్కాడు. "పాత కారు బావా. చెప్పిన మాట వినదు."

ఆ సంగతి అక్కడితో అయిపోయింది. లైబ్రేరియన్ మళ్లీ నోటుపుస్తకంలోకి తల దించాడు. అందులో నలభై ఒక్క ప్రశ్నలున్నాయి. లోపలే వండుకుని పడుకోవడానికి వీలున్న పాత మోటర్‌హోమ్ కొనేముందు ఏమేం చూడాలో చెప్పే పుస్తకాలు పదమూడు చదివి, వాటిలోంచి వడగట్టి రాసుకున్నవి.

ఈ పిచ్చి మొదలైంది మ్యాపులతో. కాలేజీ లైబ్రరీలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన రోజున, ఎవరూ ఏనాడూ ఇంటికి తీసుకెళ్లని రోడ్డు మ్యాపుల్ని ఓ అట్టపెట్టెలో పెట్టి ఆయనకే ఇచ్చేశారు. అప్పటికి భార్య ఉంది. ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ బల్ల మీద ఒక మ్యాపు పరుచుకుని, రోడ్ల వెంట వేలు నడిపించుకుంటూ పోయేవాళ్లు. "ఇక్కడ రోడ్డు ఇంత వంకర తిరిగిందేం? ఏం అడ్డమొచ్చి ఉంటుంది?" అని అడిగేది ఆవిడ. కొండో, చెరువో, ఎవరో మొండివాడి పొలమో అని ఈయన ఊహించేవాడు. సమాధానం దొరకని ప్రతి వంపుకీ ఆవిడ పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి పెట్టింది. ఆవిడ పోయి మూడేళ్లయింది. లెక్కపెడితే సున్నాలు నూట పన్నెండు తేలాయి. ఒక్కొక్క వంపు దగ్గరా అసలేముందో వెళ్లి చూడాలని ఆయనకు బుద్ధి పుట్టింది.

కానీ ఆయనకు సైకిలు తప్ప మరే బండీ రాదు. అందుకని బామ్మర్దిని అడిగాడు. బామ్మర్ది ముప్పై ఎనిమిదేళ్లు బస్సు డిపోలో మెకానిక్కు. పెళ్లి చేసుకోకుండా బస్సుల్నే కట్టుకున్నాడని అక్క ఎగతాళి చేసేది. "వాడు ఇంజిను వింటే డాక్టరు నాడి పట్టినట్టే" అని నలుగురిలో గొప్పలూ పోయేది. తమ్ముడు ఇంటికొస్తే మొగుడికి ఆంక్షలు పెట్టేది కూడా: "వాడితో మాట్లాడేటప్పుడు ఆ పేపరు కాస్త దించండి. ముఖం చూసి మాట్లాడండి."

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ ఇంటికి చక్రాలు కట్టి చూడు అనలేదు బావా పెద్దలు" అని నవ్వి, బామ్మర్ది సరే అన్నాడు.

ఇప్పటికి నాలుగు బళ్లు చూశారు. నాలుగింటినీ బామ్మర్దే కాదన్నాడు. ఇది అయిదోది.

"ఇదీ కాదంటే మ్యాపులు మడిచి అటకెక్కించేద్దాం. నా మోకాళ్లకి ఎల్లకాలం ఓపిక ఉండదు" అన్నాడు కారు ఆపుతూ. నాలుగేళ్ల కిందట, ఇంకా సర్వీసు ఉండగానే, మోకాళ్ల నొప్పులని చెప్పి అతను డిపో మానేశాడు.

గేటు దగ్గర నిలబడి ఉన్నావిడ పొడుగ్గా, డెబ్బై దాటిన మనిషి. కాళ్లకు రబ్బరు బూట్లు, మెళ్లో గొలుసుకు వేలాడే కళ్లద్దాలు. నలభై ఏళ్లు పశువుల డాక్టరుగా చేసిందని ఫోనులోనే చెప్పింది.

"రండి, బండి వెనకాల ఉంది. కరవదు" అంది. "నేను మాత్రం ముందే చెబుతున్నా. మూడింటికి ఇంకో జంట వస్తున్నారు. మీరు అవునో కాదో ఆలోపు తేల్చాలి. మొహమాటం వద్దు."

ఇంటి వెనక గచ్చు మీద నిలబడి ఉంది బండి. తెల్లటిది, పక్కన ఒక ఆకుపచ్చ చార. పదకొండేళ్లు ఆవిడతో ఊళ్లు తిరిగిందట. ఇప్పుడు ఆవిడ నడుము మెట్టు ఎక్కనంటోందట. డ్రైవరు సీటు ముందు ఓ చీటీ అంటించి ఉంది: "ఎత్తు మూడు మీటర్ల పది సెంటీమీటర్లు. ఇది తల వంచదు. నువ్వే చూసుకో."

లైబ్రేరియన్ ఆ చీటీని రెండుసార్లు చదివి మురిసిపోయాడు. తక్కువ ఎత్తు వంతెనల సంగతి పదమూడు పుస్తకాల్లోనూ ఉంది. ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

బామ్మర్ది ముందుగా ఇంజిను మూత మీద అరచెయ్యి ఆనించాడు. "చల్లగా ఉంది. మంచిదే" అన్నాడు. "చూడ్డానికొచ్చేవాళ్ల కోసం ముందే వేడిచేసి పెట్టారంటే ఏదో రోగం దాస్తున్నట్టు."

"పరీక్షకి ముందు మందు పెట్టి తెచ్చిన గుర్రాల్ని నేనూ చాలానే చూశాను నాయనా" అంది డాక్టరమ్మ.

తర్వాత బామ్మర్ది టైరు దగ్గర కూలబడి బావను కూడా కూర్చోమన్నాడు. "గాడి చూసి మోసపోకు. ఇలాంటి బళ్లు తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. టైరు అరిగి చావదు, ముసలిదై చస్తుంది. ఇదిగో, ఈ నాలుగంకెలు చూడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఆరేళ్లు దాటితే పైకి ఎంత నిగనిగలాడినా నమ్మకు."

ఆ అంకెలు నాలుగేళ్ల కిందటివి. లైబ్రేరియన్ వాటిని వేలితో తడిమి చూశాడు. పుస్తకం మొదటి పేజీ వెనక అచ్చయిన సంవత్సరం వేసినట్టు, టైరుకూ ఒక పుట్టినరోజు ఉంటుందని ఆయనకు అరవై ఆరేళ్లొచ్చాక తెలిసింది.

ఇంజిను తిప్పారు. బామ్మర్ది సంచిలోంచి పొడుగు స్క్రూడ్రైవరు తీసి, కొన ఇంజినుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకున్నాడు. ఒకచోట విని, ఇంకోచోటికి జరిగి, మళ్లీ విన్నాడు. డాక్టరమ్మ కూడా ఊపిరి బిగబట్టింది. ఆ భంగిమ ఆవిడకు తెలిసిందే.

"ఇంజిను బంగారం" అన్నాడు చివరికి. "అమ్మా, దీన్ని బాగా చూసుకున్నారు. బావా, అడుగున తుప్పు ఎంతుందో చూసొస్తా. నువ్వు లోపల నీ నలభై ఒకటీ కానీ."

ఇంజిను ఆపేసి అతను చాప వేసుకుని బండి కిందికి దూరాడు. లైబ్రేరియన్ మెట్టెక్కి లోపలికి వెళ్లాడు.

లోపల ఎంత చిన్నదో అంత పొందికగా ఉంది. మడిచే బల్ల, దాని కింద నీళ్ల ట్యాంకు, రెండు మంటల పొయ్యి, అడ్డంగా పరుపు. బండి ఊగినప్పుడు తెరుచుకోకుండా ప్రతి అలమర తలుపుకూ ఓ నొక్కుడు గొళ్లెం. ఆయన ప్రతి గొళ్లేన్నీ నొక్కి చూశాడు. గ్యాసు గొట్టం మీద తేదీ చూశాడు. కిటికీల మూలల్లో గోడను బొటనవేలితో నొక్కాడు, ఎక్కడైనా మెత్తబడిందేమోనని. గట్టిగానే ఉంది. కొనేముందు ఆ ఇంట్లో రేపు ఏమేం చేస్తారో అవన్నీ ఒకసారి చేసి చూడమని ఒక పుస్తకంలో ఉంది. అందుకని చెప్పులు విప్పి పరుపు మీద పడుకున్నాడు. లేచి, గిన్నె కడుగుతున్నట్టు సింకు దగ్గర నిలబడ్డాడు. ఆఖరికి, లైబ్రరీ కార్డుల బీరువా అంత ఉన్న స్నానాల గదిలోకి వెళ్లి, మూత దించి ఉన్న కమోడు మీద బుద్ధిగా కూర్చున్నాడు. మోకాళ్లు తలుపుకు తగిలాయి.

అప్పుడు వినబడింది. కాళ్ల దగ్గర్నుంచి, గోడ వెనకనుంచి. *టర్‌ర్… టక్.*

రెండు సెకన్లు. అంతే. మళ్లీ నిశ్శబ్దం.

ఆయన కదలకుండా కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్లు నిశ్శబ్దానికి కాపలా కాసిన మనిషి. దూరపు బల్ల దగ్గర ఎవరైనా పేజీ చింపితే ఇక్కణ్నుంచి తలెత్తేవాడు. గడియారం చూసుకున్నాడు. నాలుగు నిమిషాలు గడిచాయి. *టర్‌ర్… టక్.* అదే సమయంలో ఇంకొకటి కూడా పోల్చుకున్నాడు. ఆ గదిలో సబ్బు వాసన కింద మరో వాసన ఉంది. పాత పుస్తకాల గదిలో పైకప్పు కారిన ఏడాది కింది అరలనుంచి వచ్చిన వాసన. తడిసి, ఆరకుండానే మూసేసిన పుస్తకానిది.

ఇదేమై ఉంటుంది? ఆయనకు చిన్నపిల్లాడిలా ఆత్రం పుట్టింది. కిటికీలోంచి బామ్మర్దిని పిలిచాడు. వినబడలేదు. రెండోసారి గట్టిగా పిలిస్తే, చేతులు తుడుచుకుంటూ వచ్చి స్నానాల గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఇక్కడ ఉండు" అన్నాడు లైబ్రేరియన్.

ఇద్దరూ ఇరుకులో నిలబడ్డారు. *టర్‌ర్… టక్.* ఈసారి ఇంకా స్పష్టంగా, ఇద్దరి పాదాల మధ్యనుంచి వచ్చింది. లైబ్రేరియన్ బామ్మర్ది ముఖం చూశాడు. అందులో ఏ కదలికా లేదు.

"ఏంటి బావా, పిలిచావు?"

"ఏం లేదు. ఇక్కడ ఎలా ఉందో చెబుతావని."

"బానే ఉంది. నిశ్శబ్దంగా ఉంది. నీకు లైబ్రరీలో ఉన్నట్టే ఉంటుంది" అని, బామ్మర్ది మళ్లీ బండి కిందికి వెళ్లిపోయాడు.

లైబ్రేరియన్ కమోడు మూత మీద మళ్లీ కూలబడ్డాడు. ఇండికేటరు గుర్తొచ్చింది. వెనక హారన్లు గుర్తొచ్చాయి. ఫోను చేస్తే ఎత్తడు గానీ రెండు నిమిషాల తర్వాత తనే చేసి "చేతులు ఖాళీ లేవు" అనే అలవాటు గుర్తొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత నాలుక చివరిదాకా తన్నుకొస్తే, ఎవరూ వినకపోయినా, పళ్లు బిగించి మింగేశాడు.

ఇప్పుడేం చెయ్యాలి? ఆ చప్పుడేమిటో తెలియకుండా బండి కొంటే చేజేతులా గోతిలో దిగినట్టే. దాచుకున్నదంతా దీనిమీదే పెడుతున్నాడు. పోనీ డాక్టరమ్మ ఎదుట "నీకు వినబడలేదు, నాకు వినబడింది" అంటే? బస్సు ఇంజిన్ల నాడి పట్టిన మనిషి, తన చెవి పోయిందని అమ్మేవాళ్ల పెరట్లో నిలబడి బావ నోట వినాలా? ఆ తర్వాత అతను స్టీరింగు ముట్టుకోడు. మ్యాపులు అటకెక్కడం అటుంచి, అతను ఇంటికి రావడం కూడా మానేస్తాడు. లోకంలో తనను బావా అని పిలిచే మనిషి ఆ ఒక్కడే మిగిలాడు. పామూ చావాలి, కర్రా విరక్కూడదు. టైము రెండుంబావు.

డాక్టరమ్మ పెరటి అరుగు మీద టీ పెట్టి పిలిచింది. కప్పు పక్కనే ఒక లావుపాటి నోటుపుస్తకం ఉంచింది.

"దీని కేసు షీటు" అంది. "కొన్నప్పట్నుంచీ అంతా రాసిపెట్టా. ఆ మూడింటివాళ్లు చదువుతారో లేదో గానీ మీరు చదివే మనిషిలా ఉన్నారు."

లైబ్రేరియన్ తెరిచాడు. రాత ముత్యాల్లా ఉంది. నూనె మార్చిన తేదీలు, పైకప్పు అతుకులకు ఏటేటా పూసిన జిగురు, బ్యాటరీ వయసు. కానీ డాక్టరమ్మ బండి గురించి రాయడం మరచి, మధ్యలో పశువు గురించి రాసినట్టుంది. "పరుగు మామూలు. కుడి ముందుకాలు కొంచెం లాగుతోంది, గాలి పట్టించాను." "మూడు నెలలు కట్టేసి ఉంచినందుకు కోపంగా ఉంది, మూడోసారికి లేచింది." ఆయన నవ్వుకుంటూ పేజీలు తిప్పుతున్నవాడల్లా ఒకచోట ఆగిపోయాడు.

"పడుకునే ముందు రెండుసార్లు ఎక్కిళ్లు. తిండి, పరుగు మామూలే." అది పోయిన ఏడాది వానాకాలం మాట. మరో నాలుగు పేజీలకు: "ఎక్కిళ్లు గంటకోసారి." ఆపైన: "పావుగంటకోసారి. దాహం కూడా పెరిగింది. రెండు రోజులొచ్చే నీళ్లు ఒకటిన్నర రోజే వస్తున్నాయి." నెల కిందటి ఆఖరి పేజీలో: "ఎక్కిళ్లు నాలుగయిదు నిమిషాలకోసారి. నొప్పి ఉన్నట్టు లేదు."

"ఈ ఎక్కిళ్లు ఏమిటమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"అదా, పొట్టలో టర్రుమంటుంది. దాని స్వభావం. కొన్ని గుర్రాలు నిద్రలో పళ్లు కొరుకుతాయి, అవన్నీ రోగాలా?" అంది డాక్టరమ్మ. "బాగా తింటోంది, బాగా పరిగెడుతోంది. అలాంటి జీవాన్ని కొయ్యకూడదని మా చదువు."

లైబ్రేరియన్‌కు తన మొదటి ఉద్యోగంలో పెద్ద లైబ్రేరియన్ నేర్పిన పాఠం గుర్తొచ్చింది. అడిగినవాడి చేతిలో పుస్తకం పెట్టకు. అర దాకా తీసుకెళ్లు, వరస చూపించు, నీకేదో పని గుర్తొచ్చినట్టు పక్కకు తప్పుకో. వాడే చెయ్యి చాపి తీసుకుంటే ఆ పుస్తకం వాడిదవుతుంది. ముప్పై నాలుగేళ్లు ఆయన అదే చేశాడు.

బండి కిందనుంచి బామ్మర్ది బయటికొచ్చాడు. "అడుగున తుప్పు లేదు. ఇంకేం, ఖాయం చేసుకుందామా?"

లైబ్రేరియన్ టీ కప్పు కింద పెట్టి, అతనికి ఎదురుగా తిరిగాడు. "ఈ రెండు పేజీలు కాస్త చూసి పెట్టు. నాకు ఈ డాక్టరు భాష అర్థం కావడం లేదు. ఈలోగా నేను చేతులు కడుక్కొస్తా."

నోటుపుస్తకం అతని చేతిలో పెట్టి, కుళాయి వైపు వెళ్లాడు. అవసరమైన దానికంటే చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. వీపు వెనకనుంచి బామ్మర్ది గొంతు వినబడుతోంది. అతను ఏది చదివినా పైకే చదువుతాడు.

"ఎక్కిళ్లు గంటకోసారి… పావుగంటకోసారి… దాహం పెరిగింది…" ఆగాడు. మళ్లీ మొదటికొచ్చాడు. "ఎక్కిళ్లు. దాహం." తర్వాత గొంతు మారింది. "అమ్మా, మీరు నీళ్ల పంపు స్విచ్చు ఎప్పుడూ వేసే ఉంచుతారా?"

"వేసే ఉంచుతా. ఇప్పుడూ వేసే ఉంది. ఏం?"

"బావా" అని కేకేశాడు బామ్మర్ది. "లోపల ట్యాపులన్నీ కట్టేసున్నాయా?"

"అన్నీ చూశాను. కట్టేసే ఉన్నాయి."

బామ్మర్ది మెట్టెక్కి లోపలికి వెళ్లాడు. లైబ్రేరియన్ వెనకే వెళ్లి రెండడుగుల దూరంలో ఆగాడు. బామ్మర్ది స్నానాల గదిలో గొంతుకూర్చుని, గోడ అడుగున ఉన్న పలక మీద అరచెయ్యి పరిచాడు. ఇంజిను దగ్గరిలాగే కళ్లు మూసుకున్నాడు. నిమిషం గడిచింది. రెండు. *టర్‌ర్… టక్.*

కళ్లు తెరిచాడు.

"తిరిగింది" అన్నాడు చేతిని చూసుకుంటూ. "చూడు బావా, ట్యాపు తిప్పితే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, పంపు తిరుగుతుంది. కట్టేస్తే ఆగుతుంది. ఎవరూ ట్యాపు ముట్టుకోకుండా తిరుగుతోందంటే, మనకి తెలియని ట్యాపు ఇంకోటెక్కడో తెరుచుకుని ఉన్నట్టు." అప్పుడు తలెత్తి బావను చూశాడు. "ఇందాక నన్ను ఇక్కడే నిలబెట్టావు."

లైబ్రేరియన్ తల ఊపాడు.

"అప్పుడూ తిరిగిందా?"

"తిరిగింది."

బామ్మర్ది స్క్రూడ్రైవరు తీసి పలక మరలు విప్పడం మొదలుపెట్టాడు. మరల మీదనుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. "డిపోలో ఓ బస్సు బాగుందని పంపించా. డ్రైవరు సగం దారిలో వెనక్కి తెచ్చాడు. చక్రం ఏడుస్తుంటే ఎలా పంపావన్నా అన్నాడు. నేను దాని పక్కనే నిలబడి ఉన్నా బావా. నాకు ఏడుపు వినబళ్లేదు. లావు చప్పుళ్లు ఎముకలోంచి తెలుస్తాయి. సన్నవి పోయాయి. మర్నాడే మోకాళ్ల నొప్పులని రాసిచ్చేశా."

"మరి మోకాళ్లు?"

"శుభ్రంగా ఉన్నాయి. మీ ఇంటి మెట్లు నీకంటే ముందు నేనే ఎక్కుతా."

"ఎవరికీ చెప్పలేదా?"

"అక్కకి తెలుసు. నేను చెప్పలేదు, ఆవిడే కనిపెట్టింది. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది."

లైబ్రేరియన్ గుమ్మం పట్టుకున్నాడు. వాడితో మాట్లాడేటప్పుడు ఆ పేపరు కాస్త దించండి. ముఖం చూసి మాట్లాడండి. అది మర్యాద పాఠమనుకుని ఆయన అప్పట్లో రెండుసార్లు విసుక్కున్నాడు కూడా. తమ్ముడు పెదవులు చదువుకోవడానికని ఆవిడ ఈయన చేత పేపరు దింపించింది. ఆవిడ పోయాక కూడా ఆయన ఆ అలవాటు మానలేదు. ఇప్పుడనిపించింది, మానకపోవడం ఎంత మంచిదైందో.

పలక ఊడింది. లోపల రెండు గొట్టాలు కలిసే చోట, కన్నీటి బొట్టంత నీరు. చూస్తుండగానే జారి కింద పడింది. దాని వెనకే ఇంకోటి తయారవుతోంది. కింద నేల చెక్క నల్లబడింది. బామ్మర్ది స్క్రూడ్రైవరు గుచ్చితే కేకులోకి దిగినట్టు దిగింది. లైబ్రేరియన్ వంగి ఒక పొర ఊడదీసి, వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"ఎంత మేర పోయింది?" అన్నాడు బామ్మర్ది. "నీ ముక్కు ఏమంటోంది?"

తడిసిన పుస్తకాల అర ఎక్కడిదాకా పోయిందో చూసినట్టే, లైబ్రేరియన్ నేల మీద మోకరిల్లి, చేతి వెనక భాగంతో చల్లదనం వెతుక్కుంటూ పోయాడు. బామ్మర్ది ఆయన వెనకే గుచ్చుకుంటూ వచ్చాడు. ఆయన చెయ్యి ఆగిన చోటే స్క్రూడ్రైవరూ గట్టి చెక్కకు తగిలి ఆగింది.

"పరిచిన న్యూస్‌పేపరంత" అన్నాడు లైబ్రేరియన్.

"కింద ఇనుప చట్రానికి అంటలేదు. ఇందాక చూశాగా. ఇంకో వానాకాలం ఆగుంటే స్నానం చేస్తూ చేస్తూ రోడ్డు మీదికి దిగేవాడివి." బామ్మర్ది కొలత తీసుకున్నాడు. "అతుకు మార్చాలి. ఈ ముక్క కోసి కొత్త చెక్క వెయ్యాలి. ముందు పూర్తిగా ఆరనివ్వాలి. తొందరపడి మూస్తే మళ్లీ కుళ్లుతుంది. మూడు వారాలు."

డాక్టరమ్మ మెట్టు కింద నిలబడి అంతా విన్నది. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"నలభై ఏళ్లు నోరులేని వాటికి వైద్యం చేశాను. ఇది నోరు పెట్టుకుని చెబుతుంటే, రాసుకున్నాను గానీ వినలేదు" అంది. "నా చేతి రాతే సాక్ష్యం. ఇంక బుకాయించడానికేం లేదు."

"మీరు రాయబట్టే తెలిసింది కదమ్మా" అన్నాడు బామ్మర్ది.

ఆవిడ లోపలికి వెళ్లి ఫోను చేసింది. "మీరు రావద్దు. రోగం బయటపడింది. నయం చేసేవాళ్లు దొరికారు, వాళ్లకే ఇస్తున్నా" అని చెప్పడం పెరట్లోకి వినబడింది. తిరిగొచ్చి బామ్మర్దికి ఎదురుగా, సరిగ్గా ముఖంలోకి చూస్తూ నిలబడింది. "నాయనా, పశువుల చెవులైతే నేనే చూసేదాన్ని. నువ్వు మనుషుల డాక్టరు దగ్గరికి పో. మూడు వారాలుంది కదా, చెక్క ఆరేలోపు ఆ పనీ కానియ్యి."

"ఆవిడకెలా తెలిసింది?" అన్నాడు బామ్మర్ది కారెక్కాక.

"నిన్ను చూస్తే ఏ పశువు గుర్తొచ్చిందో మరి" అన్నాడు లైబ్రేరియన్.

గేటు దాటి కుడికి తిరిగారు. టిక్కు టిక్కు టిక్కు.

"దీపం" అన్నాడు లైబ్రేరియన్. బామ్మర్ది మారుమాట్లాడకుండా మీట నొక్కాడు.

మూడు వారాలు నాలుగయ్యాయి. కొత్త చెక్క పడింది. బామ్మర్ది చెవి వెనక గోరంత యంత్రమూ వచ్చింది. దానితో అతనికి పెద్ద పేచీ. గరిటె కింద పెడితే గుండు పేలినట్టుందని, బావ సూప్ తాగుతుంటే మోటరు నడిచినట్టుందని దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు మాత్రం పెట్టుకునేవాడు. సామాను సర్దేటప్పుడు ఇంకో గొడవ. లైబ్రేరియన్ పుస్తకాలన్నీ పై అలమరలో, అక్షరక్రమంలో పేర్చాడు. బామ్మర్ది ఒక్కొక్కటీ తీసి పరుపు కింద, చక్రాలకు దగ్గరగా, రెండు వైపులా సమానంగా సర్దాడు. బరువు తలకెక్కితే మలుపులో బండి తూలుతుందని, దానికి అక్షరాలు రావని తేల్చేశాడు.

మొదటి సున్నా చేరేసరికి సాయంత్రం అయిదయింది. మ్యాపులో ఉన్నట్టే, తిన్నగా వస్తున్న రోడ్డు అక్కడ చేతి మోచెయ్యిలా వంగి, మళ్లీ తిన్నగా పోయింది. రోడ్డు పక్క చదునైన జాగా చూసి బండి ఆపి, ఇద్దరూ దిగారు. వంపు లోపల కొండ లేదు. చెరువు లేదు. గోడ కూడా లేదు. మోకాలెత్తు గడ్డి, దానిమీద గాలి. బామ్మర్ది ఈ చివరనుంచి ఆ చివరకు అడుగులేసుకుంటూ వెళ్లి, కాలితో గడ్డి విడదీసి వెతికాడు.

"ఏమీ లేదు బావా. దేన్ని తప్పుకుని పోయారంటావు?"

"ఏదో ఉండేది" అన్నాడు లైబ్రేరియన్. "అది పోయింది. వంపు అలాగే ఉంది." మ్యాపు తీసి, సున్నా పక్కన తన పెన్సిలుతో 'గడ్డి' అని రాశాడు.

లోపలికి వచ్చాక బామ్మర్ది పని మొదలుపెట్టాడు. బండి ఎక్కడ ఆగినా మొదటి అరగంట ఇదే చెయ్యాలని అతని కొత్త నియమం. ఇంజిను ఆపాడు. ట్యాపులన్నీ కట్టేశాడు. పంపు స్విచ్చు వేశాడు. అది టర్రుమని ఒత్తిడి పట్టి ఆగింది. గడియారం బల్ల మీద పెట్టి, స్నానాల గది ముందు నేల మీద చతికిలబడి, పలక మీద అరచెయ్యి పరిచాడు. లైబ్రేరియన్ ఎదురుగా కూర్చున్నాడు.

నాలుగు నిమిషాలు గడిచాయి. ఎనిమిది. బయట గాలి ఆగింది. పదిహేను. ఇరవై అయిదో నిమిషంలో బామ్మర్ది చొక్కా జేబులోంచి యంత్రం తీసి, ఊది, చెవికి తగిలించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అరగంట నిండింది.

"ఏం వినిపిస్తోంది బావా?"

లైబ్రేరియన్ ఇంకాసేపు విన్నాడు.

"ఏమీ వినిపించడం లేదు."

"నాకూ అంతే" అన్నాడు బామ్మర్ది. "ఈసారి మిషను పెట్టుకునే చెబుతున్నా."